కొక్కేనికి మిగిలిన సంచి

"ఫెలిక్స్‌ని చంపెయ్యాలనిపించిందా అనేగా నువ్వు అడిగేది? అనిపించింది వదినా. ఇవాళ పొద్దున్నే అనిపించింది. చేతిలో టీగ్లాసు ఉంది, విసిరేవాణ్ణే. పక్కనున్నవాళ్లు పట్టుకున్నారు."

నాలాంటి పోలీసు ఇన్‌స్పెక్టర్ ఎదుట కూర్చుని ఇలా మాట్లాడేవాణ్ణి ఏమనాలి? గెన్నాదీ లాప్షిన్, మా ఇంట్లో గేనా, స్విర్నాస్ అణువిద్యుత్ కేంద్రంలో షిఫ్ట్ ఛీఫ్. రియాక్టర్ మీటల ముందు చెయ్యి వణకని మనిషి. తన ప్రాణం తాను కాపాడుకోవడం మాత్రం చేతకాదు. పైగా చనిపోయిన మా ఆయన యోనాస్‌కి ప్రాణస్నేహితుడు. మా అమ్మాయికి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్నది ఇతనే. అందుకే నాకు ఒళ్లు మండింది.

"గేనా, అడిగినదానికే చెప్పు. ఫెలిక్స్ లోపలికి ఎప్పుడొచ్చాడు?"

"ఆరింటికి, నాతోపాటే. పక్కపక్కనే బట్టలు మార్చుకున్నాం."

"గొడవ?"

"టీ వేళకి. రేపు యూరోపియన్ యూనియన్ తనిఖీవాళ్లు వస్తున్నారు కదా, వాళ్లకి సందు సంగతి చెప్పేస్తానన్నాడు."

ఈ సందు గురించి మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. రియాక్టర్‌లో ఇంధనం దిగే గొట్టానికీ, దాని చుట్టూ ఉన్న గ్రాఫైట్ దిమ్మెకీ మధ్య వేలిగోరంత ఖాళీ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పూడుతూ వస్తుంది. పూర్తిగా పూడిపోతే ఆ రియాక్టర్‌ని ఇక నడపకూడదు. ఆ ఖాళీని కొలిచే ఇంజినీరు ఫెలిక్స్ రుదోమిన్. ఆయన లెక్క ప్రకారం అది అందరూ అనుకున్నదానికంటే చాలా ముందే పూడుతోంది.

"ఊరంతా ఒకే మాట మీద నిలబడి ఉన్నాం వదినా. మా రియాక్టర్ రాయిలా ఉంది, యూరోపియన్ యూనియన్‌లో చేరాలంటే మూసెయ్యాలి అన్నారు కాబట్టి మూస్తున్నారు, లేకపోతే ఇంకా పదిహేనేళ్లు నడుస్తుంది. మాకున్నది ఆ ఒక్క మాటే. దాన్ని కూడా లాగేసుకుంటానంటే కోపం రాదా?"

"తర్వాత?"

"తర్వాత నేను పంపుల వైపు వెళ్లాను. ఒక్కణ్ణే. మళ్లీ ఫెలిక్స్‌ని చూడలేదు."

"నువ్వు ఒక్కడివే వెళ్లినట్టు సాక్ష్యం ఎవరు?"

"పంపులు," అన్నాడు గేనా.

తలుపు కొట్టకుండానే తెరుచుకుంది. రాజధాని నుంచి దిగిన ప్రత్యేక అధికారి ఔరిమాస్ కైరిస్ లోపలికొచ్చాడు. నా వయసులో సగానికి కాస్త ఎక్కువ, నా జీతానికి రెట్టింపు. కోటు మీద, యూనియన్‌లో చేరాలా వద్దా అని ఇవాళ జరుగుతున్న ఓటింగ్‌లో ఓటేసినట్టు గుండ్రటి స్టిక్కర్. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఫెలిక్స్ తడి జాకెట్.

"మేడమ్, ఇంకా ఎంతసేపు? ఫెలిక్స్ పని ముగించుకున్నాడు. తొమ్మిది దాటాక ఆయన పాస్ బయటికి వెళ్లినట్టు గేటు దగ్గర నమోదైంది. ఓటేశాడు. తాగాడు. కేంద్రం వేడినీళ్లు వదిలే వెచ్చకాలువలో జారిపడ్డాడు. మధ్యాహ్నం చేపలు పట్టేవాళ్లకి దొరికాడు. ఇందులో మీకు అర్థంకానిది ఏముంది?"

"తాగాడని ఎవరు చెప్పారు?"

"ఆదివారం, మగవాడు, కాలువగట్టు. ఎవరైనా చెప్పాలా?" జాకెట్ నా ముందు పెట్టాడు. "దిగులుతో దూకాడంటారేమో. ఇటు చూడండి. స్టిక్కర్ మీద పెన్నుతో పిల్లిమొహం కూడా గీసుకున్నాడు. చెవులు, మీసాలు. ఇంత సరదాగా ఉన్నవాడు చావడానికి దూకడు. ప్రమాదం. రాసెయ్యండి."

చూశాను. నీలం స్టిక్కర్ మీద తెల్ల అక్షరాలు, వాటి పక్కన నీళ్లకి సగం చెరిగిన పిల్లి. నాకు తెలిసిన ఫెలిక్స్ ఒంటరివాడు. నవ్వడానికి కూడా కొలబద్ద వాడే రకం. ఆయన పిల్లిబొమ్మ గీసుకోవడమేమిటి?

"ఆయన లోదుస్తులు చూశారా?" అన్నాను.

"నాకు ఆ అలవాటు లేదు మేడమ్."

"అలవాటు చేసుకోండి, పనికొస్తుంది. జాకెట్, చొక్కా, పాంటు ఆయనవే. లోపల బనియన్, డ్రాయరు, మేజోళ్లు మాత్రం జోన్‌వి, అంటే రేడియేషన్ ఉండే చోట పనికి కేంద్రం ఇచ్చేవి. తెల్ల నూలువి, లాండ్రీ ముద్ర ఉన్నవి."

"ఊళ్లో సగం మంది కేంద్రం బనియన్లే వేసుకుంటారట కదా. మా డ్రైవర్ కూడా ఒకటి కొన్నాడు."

"కొత్తవి. గోదాము నుంచి కొట్టుకొచ్చినవి. ముద్ర పడిందంటే జోన్‌లో ఒంటిమీద తిరిగి, ఉతికి, మళ్లీ తిరిగిందన్నమాట. దాన్ని ఈ ఊళ్లో ఎవడూ ఇంటికి తెచ్చుకోడు. తెస్తే పెళ్లాం గుమ్మం ఎక్కనివ్వదు. లోపలికి వెళ్లేటప్పుడు ఒంటిమీద సొంత నూలుపోగు ఉండకూడదు, బయటికొచ్చేటప్పుడు జోన్‌ది ఉండకూడదు. మధ్యలో స్నానం. ఫెలిక్స్ తన కాళ్లమీద బయటికి రాలేదు. లోపల తెల్లబట్టల్లోనే పోయాడు. ఎవరో బయటికి చేర్చి, పైన ఆయన బట్టలు తొడిగారు. గేటులో ఆయన పాస్ వాడిందీ వాళ్లే."

కైరిస్ జాకెట్‌ని మళ్లీ తిప్పి చూశాడు. మూర్ఖుడు కాదు, అదే చిక్కు.

"శవాన్ని గేటు గుండా ఎలా తెస్తారు? రేడియేషన్ కొలిచిగానీ వదలదు కదా."

"లాండ్రీ బండ్లు వెళ్లే గేటు ఒకటుంది. దానికి చేత్తో తెరిచే తాళం ఉంటుంది. బండి మీద మూటలు, మూటల కింద మనిషి. లాండ్రీకి ఆదివారం సెలవు. ఆ షెడ్డు వెచ్చకాలువ పక్కనే."

"తాళంచెవి ఎవరి దగ్గర?"

చెప్పక తప్పలేదు. "ఇవాళ ఇద్దరి దగ్గర. ఉప డైరెక్టర్ గ్రిగాస్ దగ్గర, షిఫ్ట్ ఛీఫ్ దగ్గర."

కైరిస్ గేనా వైపు తిరిగాడు. గేనా కోటు మీద స్టిక్కర్ లేదు.

"ఓటెయ్యలేదా అన్నా?"

"నా పొయ్యి ఆర్పడానికి నేనే ఓటెయ్యాలా?" అన్నాడు గేనా.

"విన్నారుగా మేడమ్. తాళంచెవి ఉంది, పొద్దున్న గొడవ ఉంది, కోపం ఇంకా ఉంది. నా పని మీరే సులువు చేశారు." అతని గొంతు తగ్గింది. "ఇవాళ ఓటింగ్ చివరి రోజు. దేశంలో సగం మంది రాకపోతే మొత్తం చెల్లదు, ఇంకా సగం కాలేదు. అణుకేంద్రంలో హత్య అని సాయంత్రం రేడియోలో వస్తే జనం ఇళ్లలోంచి కదలరు. కాబట్టి రెండే దారులు. ప్రమాదం అని మీరు సంతకం పెడతారు, ఈయన ఇంటికెళ్లి అన్నం తింటాడు. లేదా హత్య, చేసింది ఈయన, నాలుగింటికి నా కారులో రాజధానికి. రేపు పేపర్లు ఏం రాస్తాయో మీకు చెప్పనక్కర్లేదు. యూనియన్ వద్దన్న రష్యన్ విధ్వంసకుడు. రష్యన్లతో నిండిన ఈ ఊరు మొత్తానికి ఆ పేరే ఉండిపోతుంది."

గేనా బల్ల మీద చేతులు ఆనించాడు. "వదినా, సంతకం పెట్టెయ్. ఫెలిక్స్ ఎలాగూ తిరిగిరాడు."

పెడితే హంతకుడు తప్పించుకుంటాడు, పెట్టకపోతే గేనా పోతాడు. నా ఉద్యోగంలో ఇంత ఇరుకు గది ఎప్పుడూ చూడలేదు. అప్పుడు ఒక చిన్న విషయం తట్టింది.

"ఫెలిక్స్ లాకర్‌లో ఏముంది?" అని కైరిస్‌ని అడిగాను.

"ఖాళీ. స్వయంగా చూశాను. అన్నీ వేసుకుని వెళ్లాడు కాబట్టే ఖాళీ."

"ఆయన సొంత లోదుస్తులు శవం మీద లేవు. లాకర్‌లో లేవు. మరి ఎక్కడున్నాయి?"

కైరిస్ భుజాలు ఎగరేశాడు. గేనా మాత్రం తలెత్తి నా కళ్లలోకి చూశాడు. అతనికి అర్థమైంది. నోరు తెరవబోతే వద్దని సైగ చేశాను. అతని నోటివెంట వస్తే అది సాక్ష్యం కాదు, తప్పించుకునే ఎత్తు అవుతుంది.

"నేను జోన్‌లోకి వెళ్లాలి," అన్నాను.

వరండాలోనే ఉప డైరెక్టర్ విద్మాంతాస్ గ్రిగాస్ ఎదురయ్యాడు. మృదువైన మాట, శుభ్రమైన గోళ్లు. కేంద్రాన్ని మూసే ఏర్పాట్లన్నీ చూసే సంఘానికి పెద్ద. యూనియన్‌తో బేరానికి రాజధాని నుంచి ఎవరొచ్చినా ఈయనే పక్కన కూర్చుంటాడు.

"బయటివాళ్లని ఒంటరిగా పంపకూడదు మిల్దా గారూ. నేనూ వస్తాను. ఇవాళ ఇంకా లోపల అడుగు పెట్టనేలేదు, ఫెలిక్స్ వార్త విని ఆఫీసులోనే కూలబడ్డాను. పాపం, బంగారంలాంటి మనిషి."

ఆయన అధికారుల దుస్తుల గదిలోకి, కైరిస్ కార్మికుల గదిలోకి, నేను ఆడవాళ్ల గదిలోకి వెళ్లాం.

అక్కడ తమారా ఉంటుంది. బట్టలు అప్పగించడం, తీసుకోవడం, గేటు అద్దం వెనక కూర్చోవడం, అన్నీ ఆవిడే. మే నెల వెచ్చదనంలో కూడా మెడ చుట్టూ ఊలు శాలువా కప్పుకుని ఉంది.

"జ్వరమా అక్కా?"

"జ్వరమా పాడా. స్టిక్కర్ దాచుకున్నాను. ఇవాళ స్టిక్కర్ చూపిస్తే దుకాణంలో ఒక్క సెంటుకే సబ్బుపొడి పాకెట్ ఇస్తున్నారుట. మగాళ్లకి బీరు. జనం ఎగబడుతున్నారు. పొద్దున్న వంటింటి రైసా కోటు మీంచి ఎవరో పీక్కుపోయారు తెలుసా? నాలుగింటికి డ్యూటీ దిగీదిగగానే పరుగెత్తాలి, లేకపోతే ఖాళీ అట్టపెట్టెలే మిగుల్తాయి. అన్నీ విప్పు మిల్దమ్మా. గడియారం కూడా."

గడియారం, ఫోను, పిస్టల్, పెళ్లి ఉంగరం, అన్నీ ఒక అరలో పెట్టి తాళం వేసింది. తెల్ల బనియన్, తెల్ల పాంటు, తెల్ల టోపీ, చేతులకి నూలు తొడుగులు ఇచ్చింది. అద్దంలో నన్ను నేను గుర్తుపట్టలేదు. అక్కడ అందరూ ఒకేలా ఉంటారు, ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. నా వెనక తలుపు మూసుకుంది.

మగవాళ్ల స్నానాల గది ఖాళీ చేయించడానికి గ్రిగాస్ గుమ్మంలో నిలబడి రెండుసార్లు కేకేశాడు. ఇద్దరు కుర్రాళ్లు తువ్వాళ్లు పట్టుకుని, నన్ను చూసి బెదిరిన కోళ్లలా పారిపోయారు. కైరిస్ నా పక్కకి వచ్చాడు. తెల్ల పాంటు పొట్టిదై అతని పిక్కలు బయటికి కనిపిస్తున్నాయి. రాజధాని బూట్లు లేకపోతే అందరిలాంటి మనిషే.

"స్నానానికి వచ్చామా మేడమ్?"

"గోడ చూడండి."

జల్లు గొట్టాల ఎదుటి గోడకి కొక్కేల వరస ఉంది. చాలావాటికి గుడ్డసంచులు వేలాడుతున్నాయి. ఒకటి పాత జీన్స్‌తో, ఒకటి పూల కర్టెన్ గుడ్డతో, ఒకటి పిల్లల దుప్పటి ముక్కతో. ప్రతి సంచీ ఒక ఇంటి కుట్టు. చివరి కొక్కేనికి ఉన్నది చూసి నా కాళ్లు ఆగాయి. ఆకుపచ్చ చెక్స్, పక్కన ఎర్ర దారంతో వంకర కుట్టు. అది నేను కుట్టింది. యోనాస్ పోయి మూడేళ్లయింది, ఇంకా ఎవరూ తియ్యలేదు. కైరిస్ ముందు ఏడవకూడదని ఎదుటి కొక్కేన్ని చూస్తూ నిలబడ్డాను.

"ఏంటివి?" అన్నాడు కైరిస్. గొంతులో వెటకారం తగ్గింది.

"పాత షిఫ్టువాళ్ల పద్ధతి. స్నానం అవగానే మొదట కావలసింది లోదుస్తులు, మేజోళ్లు. లాకర్లేమో గేటు దాటి అవతల, చల్లటి నడవ చివర. అందుకని పొద్దున్న వచ్చేటప్పుడే తమ లోదుస్తులు, సబ్బు, పీచు ఒక సంచిలో పెట్టి అవతలి చిన్నకిటికీలోంచి ఇక్కడ తగిలిస్తారు. స్నానం చేసి, ఇవి వేసుకుని, గేటులో ఒళ్లు కొలిపించుకుని లాకర్ దగ్గరికి నడుస్తారు. లాకర్‌లో ఉండేది పైబట్టలు మాత్రమే. ఏ నిబంధనల్లోనూ లేదిది. పెళ్లాలు సంచులు కుడతారు, అంతే."

"ఫెలిక్స్‌కి పెళ్లాం లేదు."

"అందుకే ఆయనది పిండిసంచి."

గేనా సంచికి ఎడమపక్క కొక్కేనికే ఉంది. పిండిమిల్లు బొమ్మ వెలిసిపోయింది, దాని కింద నల్ల రంగుతో రుదోమిన్ అని ఉంది. ముడి బిగుసుకుపోయింది. చేతితొడుగులతో రాలేదు. తొడుగులు తీసి జేబులో పెట్టుకుని గోళ్లతో లాగాను. సబ్బు పొడిగా ఉంది. పీచు పొడిగా ఉంది. కింద మడతపెట్టిన బనియన్, డ్రాయరు, గోధుమరంగు ఊలు మేజోళ్లు, ఒక మడమకి వేరే రంగు ఊలుతో రఫూ. ఆ రఫూ ఆయనే చేసుకుని ఉంటాడు, కుట్లన్నీ సమానంగా ఉన్నాయి.

"ఇప్పుడు వినండి," అన్నాను. "లాకర్ ఖాళీ చేసినవాడు జాకెట్, చొక్కా, పాంటు, బూట్లు పట్టుకెళ్లాడు. అందులో లోదుస్తులు లేవని వాడికి అనుమానం రాలేదు. జోన్ బనియన్ మీదే చొక్కా తొడిగేశాడు. ఈ గదిలో స్నానం చేసేవాడైతే లాకర్ తెరవగానే తెలిసేది, సంచి కొక్కేనికి ఉందని. గేనా సంచి దీనికి ఆనుకునే ఉంది. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ పక్కపక్కనే ఒళ్లు తుడుచుకున్నారు. గేనా చంపి ఉంటే ఇది ఇక్కడ ఉండేదే కాదు."

"కంగారులో మర్చిపోయి ఉంటాడు."

"శవం బూట్ల లేసులు రెండు ముడులు వేసి కట్టినవాడికి కంగారు ఎక్కడిది? మర్చిపోలేదు. వాడికి ఈ సంచుల సంగతే తెలియదు. ఎందుకంటే వాడు ఎప్పుడూ ఇక్కడ స్నానం చెయ్యలేదు. వాడు బట్టలు మార్చుకునే గది వేరు, అక్కడ అన్నీ ఒకే బీరువాలో..."

మాట మధ్యలో ఆగిపోయాను. వేరే దుస్తుల గది వాడే మనిషి, బండి గేటు తాళంచెవి ఉన్న మనిషి ఇవాళ ఒక్కడే. ఆ ఒక్కడు గుమ్మానికి ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, శ్రద్ధగా వింటున్నాడు.

కైరిస్ నా చెవి దగ్గరికి వంగాడు. "మీరు ఎవరి పేరు చెప్పబోతున్నారో నాకు తెలిసింది. చెప్పకండి. రేపు తనిఖీవాళ్ల పక్కన కూర్చోవలసిన మనిషి ఆయన. ఉతికిన డ్రాయరు చూపించి ఆయన్ని పట్టుకోమంటే నా పైవాళ్లు నన్ను పశువుల దొంగతనాల విభాగానికి పంపుతారు. మనిషికీ శవానికీ ముడిపెట్టేది ఏదైనా తెండి. తెస్తే నేనే బేడీలు వేస్తాను. మాట ఇస్తున్నా."

"అంతవరకూ గేనా?"

"నాలుగింటికి కారు. నేను జాకెట్ తీసుకుని కారు దగ్గరే ఉంటాను." గోడ గడియారం చూశాడు. "పావుగంట ఉంది."

అతను వెళ్లిపోయాడు. గేటు దగ్గర పచ్చదీపం వెలిగి అతన్ని అవతలికి వదిలిన శబ్దం వినిపించింది. అతన్ని ఆపి ఉండాల్సింది. ఒంటరిగా మిగలకూడదన్న ఇంగితం కూడా నాకు లేకపోయింది. సంచి ఒకటే ధ్యాస.

"అయిపోయిందా మిల్దా గారూ?" అన్నాడు గ్రిగాస్. "ఆ సంచి మాత్రం నా సంతకం లేకుండా జోన్ దాటకూడదు. బయట రాసిస్తాను, పదండి."

స్నానాల గదికీ గేటుకీ మధ్య అడ్డంగా ఒక పొడవాటి బల్ల ఉంటుంది. దాని మీద కూర్చుని, కాళ్లు ఎత్తి అవతలికి వెయ్యాలి. ఇవతలి నేల మీది మురికి అవతలికి పోకూడదని. ఇక్కడ మురికి అంటే కంటికి కనిపించేది కాదు. నా మోకాలు మొండికేసింది. గ్రిగాస్ ముందే దాటి, చెయ్యి అందించాడు.

"పట్టుకోండి."

పట్టుకుని దాటాను. దాటాక చూశాను, ఆయన చేతికి తొడుగు ఉంది. నా చేతులకి లేవు.

'జోన్‌లో ఎవరైనా తొడుగున్న చెయ్యి ఇస్తే ముట్టుకోకు, అది ఎక్కడ తిరిగొచ్చిందో నీకు తెలియదు.' యోనాస్ ఈ మాట ఇంట్లో కూడా అనేవాడు. నేను పొయ్యి తొడుగుతో రొట్టె అందిస్తే చెయ్యి వెనక్కి లాక్కుని నవ్వేవాడు.

కొలత గేటులో నిలబడి రెండు అరచేతులూ పలకల మీద పెట్టాను. ఎర్రదీపం వెలిగింది. గంట మోగింది. ముందు తలుపు గడియ టక్కున పడింది.

"అయ్యో," అన్నాడు గ్రిగాస్. "చేతులకి అంటుకుందే. అందుకే తొడుగులు తియ్యకూడదంటాం."

అద్దం అవతల తమారా లేచి నిలబడింది. గంట విని కంగారులో శాలువా జార్చేసుకుంది. మైకు నొక్కి అడిగింది. "ఏమైంది మిల్దమ్మా? మళ్లీ కడుక్కుని రా, ఏం కాదు."

నేను ఆవిడ మాట వినడం లేదు. ఆవిడ నీలం కోటు మీద, గుండెల దగ్గర, స్టిక్కర్ చూస్తున్నాను. తెల్ల అక్షరాల పక్కన పెన్నుతో గీసిన పిల్లిమొహం. రెండు చెవులు, ఆరు మీసాలు.

గొంతు మామూలుగా ఉంచడానికి నాకున్న ఓపికంతా పెట్టాను. "అక్కా, ఆ పిల్లి భలే ఉందే. ఎవరు గీశారు?"

"ఇదా? గ్రిగాస్ సార్ మనవరాలు." తమారా మొహం విప్పారింది. "పొద్దున్న బడి దగ్గర ఓటు క్యూలో మా ముందు నుంచున్నారు. మొదట తాతకి గీసింది, తర్వాత నాకు గీస్తానని ఒకటే గొడవ. అడగండి సార్‌ని, పక్కనే ఉన్నారుగా."

నా వెనక ఊపిరి ఆగినట్టు వినిపించింది. నేను తిరగలేదు. ఈ మనిషి ఎప్పుడు, ఎక్కడ తన కోటు మీది స్టిక్కర్ పీకి శవం జాకెట్‌కి అంటించాడో, అదంతా తర్వాత తేలుతుంది. తాను గీయించుకున్న పిల్లిని మాత్రం మర్చిపోయాడు. ఓటేసిన స్టిక్కర్ ఉంటే ఫెలిక్స్ తొమ్మిది తర్వాత కూడా బతికి తిరిగినట్టే కదా, అంతే ఆలోచించాడు.

"అక్కా," అన్నాను, "నాలుగవుతోంది. దుకాణానికి వెళ్లకు. ఆ స్టిక్కర్ పట్టుకెళ్లి బయట కారు దగ్గరున్న కైరిస్‌కి ఇవ్వు. ఆ పిల్లిని జాకెట్ మీది పిల్లితో..."

టక్ మంది. మైకు దీపం ఆరిపోయింది. గ్రిగాస్ చెయ్యి గోడమీది మీట మీద ఉంది.

అద్దం అవతల తమారా పెదాలు కదులుతున్నాయి. ఏమీ వినిపించడం లేదు. ఆవిడ నన్ను చూసింది. నా భుజం మీదుగా ఆయన్ని చూసింది. పద్దెనిమిదేళ్లుగా జీతం ఇచ్చే మొహం అది. మెల్లగా వంగి శాలువా తీసుకుంది. స్టిక్కర్ మీదుగా కప్పుకుంది.

"మంచి మనిషి తమారా," అన్నాడు గ్రిగాస్, అలసిన గొంతుతో. "పని చెడగొట్టుకోదు. మిల్దా గారూ, మీరు ఈ దేశపు మనిషి, మీకైనా అర్థం కావాలి. ఆరోగ్యంగా ఉన్నదాన్ని మీ కోసం చంపుకుంటున్నాం, దానికి పరిహారం ఇవ్వండి అని ఇన్నేళ్లుగా యూనియన్‌తో బేరమాడుతున్నాం. అది తనంతట తానే చస్తోందని ఫెలిక్స్ రేపు చెప్పి ఉంటే, ఏ మొహం పెట్టుకుని ఆ బల్ల దగ్గర కూర్చుంటాం? ఊరికి ఆ పరిహారమే గతి. వద్దని బతిమాలాను. కొలత కొలతే అన్నాడు. తోశాను, అంతే. తల పంపుకి తగిలింది."

"ఊరి కోసం చేసినవాడివి గేనాని ఎందుకు బలిపెడుతున్నావు?"

ఆయన చూపు అద్దం మీదే ఉంది.

తమారా తన చేతిసంచి భుజానికి తగిలించుకుంది. అద్దంలోంచి నడవ చివరి మలుపు దాకా కనిపిస్తుంది. కుడికి తిరిగితే బస్సు, దుకాణం, సబ్బుపొడి. ఎడమకి తిరిగితే కార్లు ఆపే చోటు. ఆవిడ మలుపు దగ్గర ఆగింది. శాలువా సర్దుకుంది. ఎడమకి తిరిగింది.

నేను చూశాను. ఆయనా చూశాడు.

అక్కడి నుంచి కారు దగ్గరికి ఆవిడ నడకకి పది నిమిషాలు పడుతుంది. కైరిస్ రెండు పిల్లుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి, లోపలికి పరుగెత్తాలి, బట్టలు విప్పాలి, మార్చుకోవాలి. ఈ గేటు ఇవతలికి ఎవరూ ఊరికే రాలేరు. ఆ లెక్క గ్రిగాస్ నాకంటే ముందే వేసుకున్నట్టున్నాడు. కొలత గేటుకి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, వెనక్కి నడిచి, పంపుల వైపు వెళ్లే ఇనుపతలుపు తెరిచాడు. అక్కడి నుంచి వేడిగాలి మొహానికి కొట్టింది.

"రండి మిల్దా గారూ, చేతులు కడుక్కుందురుగాని," అన్నాడు. "నీళ్లు ఆ చివర ఉన్నాయి."

నేను పిండిసంచిని గుండెకి అదుముకుని, గేటు ఎర్రదీపానికి వీపు ఆనించి నిలబడ్డాను.